ఫాంటమ్‌జేఎస్ స్క్రిప్ట్ ఆగిపోయిందా? హెడ్‌లెస్ క్రోమ్‌కి ఇలా మారండి

"సర్వర్‌ని కొత్త ఉబుంటుకి మార్చాం, అప్పట్నుంచి ఫాంటమ్‌జేఎస్ లేవడం లేదు. ఏం చేయాలి?" తెర మీద కనపడకుండా స్క్రిప్ట్‌తో నడిచే పాత బ్రౌజర్ ఫాంటమ్‌జేఎస్ గురించి ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంది. చాలామందికి కనిపించే ఎర్రర్ కూడా ఒకటే: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (భద్రమైన కనెక్షన్ల కోసం వాడే లైబ్రరీ) కాన్ఫిగరేషన్ తాలూకు ఫైల్ ఒకటి దొరకలేదంటూ స్క్రిప్ట్ మొదట్లోనే పడిపోతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాన్ఫ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని డెవ్ నల్‌కి (లినక్స్‌లో ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్‌కి) చూపిస్తే అది మళ్లీ లేస్తుంది. ఈ రాత్రికి రిపోర్టు వెళ్లాల్సిందే అనుకుంటే ఆ చిట్కా వాడుకోండి, తప్పులేదు. రేపు పొద్దున మాత్రం కింది పని మొదలుపెట్టండి. ఎందుకంటే ఫాంటమ్‌జేఎస్‌కి రిపేరు చేసేవాళ్లు ఇక లేరు.

కథ క్లుప్తంగా ఇదీ. అరియా హిదాయత్ 2011లో ఫాంటమ్‌జేఎస్‌ని విడుదల చేశారు. కిటికీ తెరవకుండా వెనకాల పేజీ నడిపే బ్రౌజర్ అప్పట్లో పెద్ద సౌకర్యం. చివరి స్థిరమైన వెర్షన్ 2.1.1 వచ్చింది 2016 జనవరిలో. 2017లో క్రోమ్ 59తో హెడ్‌లెస్ మోడ్ (కిటికీ లేకుండా నడిచే పద్ధతి) వస్తోందని తెలియగానే, అప్పట్లో ఫాంటమ్‌జేఎస్ బాగోగులు చూసే మెయింటైనర్ విటాలీ స్లోబోదిన్ తప్పుకున్నారు. 2018 మార్చిలో ప్రాజెక్టు అభివృద్ధిని ఆపేశారు. దాని మీద ఆధారపడ్డ క్యాస్పర్‌జేఎస్‌దీ అదే దారి. యాంగులర్ వాళ్ల టెస్టింగ్ టూల్ ప్రొట్రాక్టర్ 2023లో ముగిసింది. పీడీఎఫ్‌ల కోసం అందరూ వాడిన డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టూపీడీఎఫ్ రిపాజిటరీని కూడా 2023లోనే ఆర్కైవ్ చేశారు. వీటిలో ఏది వాడుతున్నా కింది దశలు దాదాపు అలాగే పనికొస్తాయి.

కమాండ్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ స్పెల్లింగ్ వాడాలని వేరే చెప్పక్కర్లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపేది) తాజా ఎల్‌టీఎస్ వెర్షన్, అంటే ఎక్కువకాలం మద్దతు ఉండేది. పైథాన్ అలవాటైతే పైథాన్ చాలు.
- పాత స్క్రిప్ట్, దాంతోపాటు అది బాగా నడిచిన రోజుల్లో తయారుచేసిన ఫైళ్లు కొన్ని. ఇవి లేకుండా మొదలుపెట్టకండి, చివర్లో సరిచూసుకోవడానికి ఇవే ఆధారం.
- కనీసం 2 జీబీ మెమరీ ఉన్న సర్వర్. ఫాంటమ్‌జేఎస్ 512 ఎంబీలో ఎలాగోలా సర్దుకునేది, క్రోమ్‌కి అది సరిపోదు.
- ఒక తెలుగు ఫాంట్ ప్యాకేజీ. దీని సంగతి 7వ దశలో వివరంగా చెప్తాను.
- మీరు తెరిచే సైట్ మీదే అయుండాలి, లేదా ఆటోమేషన్‌కి అనుమతి ఉండాలి. క్యాప్చా అడ్డొచ్చిందంటే అవతలివాళ్లు వద్దంటున్నారని అర్థం. దాన్ని దాటే చిట్కాలు ఈ వ్యాసంలో లేవు.

1. పాత స్క్రిప్ట్ ఏం చేస్తోందో కాగితం మీద రాసుకోండి

కోడ్‌ని లైన్ వెంట లైన్ మార్చుకుంటూ పోవాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. పాత స్క్రిప్టుల్లో సగం కోడ్ ఫాంటమ్‌జేఎస్ లోపాలను కప్పిపుచ్చడానికి రాసిందే. ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితం కోసం ఆగే పద్ధతి) లేదు కాబట్టి ఒక కాల్‌బ్యాక్‌లో ఇంకో కాల్‌బ్యాక్, బాణం ఫంక్షన్లు తెలియవు కాబట్టి పాత జావాస్క్రిప్ట్, సర్టిఫికెట్ గొడవల వల్ల ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్లను పట్టించుకోవద్దనే ఆప్షన్. ఇవేవీ కొత్తదానికి అక్కర్లేదు. ఆ ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్‌ని మాత్రం పొరపాటున కూడా మోసుకెళ్లకండి. కొత్త క్రోమ్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చిందంటే నిజంగానే సర్టిఫికెట్‌లో తేడా ఉందన్నమాట.

మామూలు మాటల్లో రాసుకోండి: "ఈ అడ్రస్ తెరుస్తుంది, లాగిన్ అవుతుంది, పట్టిక వచ్చేదాకా ఆగుతుంది, ఏ4 పీడీఎఫ్ చేస్తుంది, ఫలానా ఫోల్డర్‌లో పెడుతుంది." ఐదారు వాక్యాల్లో తేలిపోవాలి. తేలకపోతే ఆ స్క్రిప్ట్ రెండు పనులు చేస్తోంది, విడగొట్టండి.

2. ఏ టూల్ వాడాలో తేల్చుకోండి

అసలు బ్రౌజర్ కావాలా అని మొదట చూడండి. పేజీలోని డేటా ఏదైనా జేసన్ (డేటా పంపే ఫార్మాట్) అడ్రస్ నుంచి వస్తుంటే నేరుగా దాన్నే అడగండి, బ్రౌజర్ ఊసే వద్దు. ఒక్క పేజీని పీడీఎఫ్ చేయడమో స్క్రీన్‌షాట్ తీయడమో మాత్రమే పనైతే క్రోమ్‌ని కమాండ్‌ లైన్ నుంచే హెడ్‌లెస్ ఆప్షన్‌తో పిలిచి, ప్రింట్ టు పీడీఎఫ్ లేదా స్క్రీన్‌షాట్ ఆప్షన్ ఇస్తే చాలు. కోడే రాయక్కర్లేదు.

లాగిన్లు, క్లిక్కులు ఉంటే, స్క్రిప్ట్‌తో బ్రౌజర్‌ని నడిపే ఈ మూడు టూల్స్‌లో ఒకటి:

- పపెటీర్: క్రోమ్ డెవ్‌టూల్స్ బృందం 2017లో తెచ్చింది. నోడ్ మీద నడుస్తుంది. ఫాంటమ్‌జేఎస్ నుంచి వచ్చేవాళ్లకి పేర్లు కొంత పరిచయంగా అనిపిస్తాయి.
- ప్లేరైట్: మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసింది. క్రోమియం (క్రోమ్‌కి ఆధారమైన బ్రౌజర్), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) మూడూ నడుపుతుంది. నోడ్‌తో పాటు పైథాన్, జావా, డాట్‌నెట్‌లోనూ ఉంది.
- సెలీనియం: ఇప్పటికే సెలీనియంలో వందల టెస్టులు ఉంటే అక్కడే ఉండండి. 4వ వెర్షన్‌లో ఫాంటమ్‌జేఎస్ డ్రైవర్ లేదు. దాని బదులు క్రోమ్ ఆప్షన్లలో హెడ్‌లెస్ ఆర్గ్యుమెంట్ ఇస్తే సరిపోతుంది. 4.6 నుంచి సెలీనియం మేనేజర్ ఉంది కాబట్టి క్రోమ్‌కి సరిపడే డ్రైవర్ వెర్షన్ కోసం వెతుక్కునే తలనొప్పి కూడా తగ్గింది.

నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్లేరైట్ తీసుకోవడం మంచిది. కారణం 5వ దశలో తెలుస్తుంది.

3. ఇన్‌స్టాల్ చేయండి

పపెటీర్‌ని ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు పెట్టే టూల్) ద్వారా పెడితే తనకు సరిపడే క్రోమ్‌ని తనే దించుకుంటుంది. పపెటీర్ కోర్ అనే ప్యాకేజీ మాత్రం బ్రౌజర్‌ని దించదు. పేరు చూసి ఇదే అసలుది అనుకుని పెట్టేసి, తర్వాత బ్రౌజర్ ఏదని వెతుక్కునేవాళ్లు చాలామంది.

ప్లేరైట్‌కి రెండు మెట్లు. మొదట లైబ్రరీ, తర్వాత ప్లేరైట్ ఇన్‌స్టాల్ క్రోమియం అనే కమాండ్. రెండోది మర్చిపోతే ఎగ్జిక్యూటబుల్ లేదనే ఎర్రర్ వస్తుంది. లైబ్రరీని అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా ఆ రెండో కమాండ్ మళ్లీ ఇవ్వాలి, ఎందుకంటే ప్రతి వెర్షన్ తనకంటూ ఒక బ్రౌజర్ బిల్డ్‌నే అడుగుతుంది. లినక్స్ సర్వర్ అయితే విత్ డెప్స్ ఆప్షన్ కూడా చేర్చండి, కావాల్సిన సిస్టమ్ లైబ్రరీలు వాటంతటవే వస్తాయి. అది ఇవ్వకపోతే లిబ్‌ఎన్‌ఎస్‌ఎస్3 లాంటివి లేవంటూ ఒక్కొక్కటిగా ఏడిపిస్తుంది.

హెచ్చరిక: ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ కమాండ్‌తో క్రోమియం పెడితే లోపల వచ్చేది స్నాప్ ప్యాకేజీ. డాకర్ కంటైనర్లలో (ప్రోగ్రామ్‌ని విడి పెట్టెలో పెట్టినట్టు నడిపే పద్ధతి) అది పనిచేయదు. లైబ్రరీ దించిన బ్రౌజర్‌నే వాడండి.

పాత హెడ్‌లెస్, కొత్త హెడ్‌లెస్ అని రెండు మాటలు వినపడతాయి. మొదట్లో వచ్చిన హెడ్‌లెస్ మోడ్ క్రోమ్ లోపలే ఉన్న వేరే బ్రౌజర్ లాంటిది. క్రోమ్ 112తో వచ్చిన కొత్త మోడ్‌లో నడిచేది మామూలు క్రోమే, కిటికీ మాత్రం కనపడదు. క్రోమ్ 132 నుంచి పాత మోడ్‌ని క్రోమ్‌లోంచి తీసేసి, క్రోమ్ హెడ్‌లెస్ షెల్ అనే విడి ప్రోగ్రామ్‌గా ఇస్తున్నారు. స్క్రీన్‌షాట్లు, పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే షెల్ తేలిగ్గా ఉంటుంది. యూజర్ చూసేదే అచ్చంగా టెస్ట్ చేయాలంటే కొత్త మోడ్ వాడండి.

4. అస్థిపంజరం రాయండి

వరుస ఇది: బ్రౌజర్‌ని లాంచ్ చేయడం, కొత్త పేజీ తెరవడం, గోటూతో అడ్రస్‌కి వెళ్లడం, పని చేయడం, బ్రౌజర్‌ని మూయడం. మూసే లైన్‌ని ఫైనల్లీ బ్లాక్‌లోనే పెట్టండి. మధ్యలో ఎర్రర్ వచ్చినా బ్రౌజర్ మూతపడాలి. లేకపోతే రోజుకో క్రోమ్ ప్రాసెస్ వెనకాల మిగిలిపోయి, ఓ వారానికి సర్వర్ మెమరీ నిండిపోతుంది.

ఇక్కడ చాలామంది పడే గుంతలు రెండు.

మొదటిది అవెయిట్ (ఆ పని అయ్యేదాకా ఆగమనే మాట) మర్చిపోవడం. టార్గెట్ క్లోజ్డ్, సెషన్ క్లోజ్డ్ అనే ఎర్రర్లు వస్తే నూటికి తొంభై సార్లు ఇదే కారణం. పని ఇంకా నడుస్తుండగానే కోడ్ ముందుకెళ్లి బ్రౌజర్‌ని మూసేసింది. పైనుంచి కిందికి ప్రతి పేజీ కాల్ ముందూ అవెయిట్ ఉందో లేదో చూసుకోండి.

రెండోది, పేజీ తెరుచుకుంటే అంతా బాగుందనుకోవడం. ఫాంటమ్‌జేఎస్‌లో 404 (పేజీ లేదు అనే కోడ్) వచ్చినా సక్సెస్ అనే చెప్పేది. గోటూ కూడా 404కి, 500కి ఎర్రర్ ఇవ్వదు. అది తిరిగిచ్చే రెస్పాన్స్‌లో స్టేటస్ చూసి, 200 కాకపోతే అక్కడే ఆపేయండి. ఈ ఒక్క లైన్ లేకే "పేజ్ నాట్ ఫౌండ్" అని అందంగా ముద్రించిన పీడీఎఫ్‌లు కస్టమర్లకి వెళ్తుంటాయి.

5. ఎదురుచూడటం నేర్పించండి

గోలంతా ఇక్కడే. పాత స్క్రిప్టుల్లో సెట్‌టైమౌట్ 5000 అని ఉంటుంది, అంటే ఐదు సెకన్లు ఊరికే ఆగమని. నెట్ బాగున్న రోజు నాలుగున్నర సెకన్లు దండగ, బాగోలేని రోజు ఐదు సెకన్లూ చాలవు. పపెటీర్‌లో ఇలా ఊరికే ఆగడానికి ఉన్న వెయిట్ ఫర్ టైమౌట్ ఫంక్షన్‌నే 22వ వెర్షన్‌లో తీసేశారు.

దేనికోసం ఆగుతున్నామో దాన్నే అడగండి. పట్టిక కావాలంటే పట్టికలోని వరుస కనిపించేదాకా ఆగమని వెయిట్ ఫర్ సెలెక్టర్‌తో చెప్పండి. పట్టిక కోసం కాదు, వరుస కోసం. చాలా సైట్లలో ఖాళీ పట్టిక ముందే గీసేసి, డేటా తర్వాత నింపుతారు.

నెట్‌వర్క్ ఐడిల్ అనే ఆప్షన్ చూసి ఆశపడకండి. అర సెకను పాటు నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే పేజీ అయిపోయినట్టే అని దాని లెక్క. చాట్ విడ్జెట్టో, లైవ్ స్కోరో ఉన్న పేజీలో అది ఎప్పటికీ ఖాళీ అవ్వదు. 30 సెకన్లకి టైమౌట్ వచ్చేస్తుంది.

క్లిక్ చేశాక కొత్త పేజీ రావాల్సిన చోట పపెటీర్‌లో ఇంకో చిక్కుంది. క్లిక్ చేసి, ఆ తర్వాత నావిగేషన్ కోసం ఆగితే, మీరు ఆగడం మొదలుపెట్టేలోపే పేజీ మారిపోయి ఉండొచ్చు. రెండింటినీ ప్రామిస్ ఆల్‌లో కలిపి, నావిగేషన్ కోసం ఆగడాన్ని ముందు రాయండి. ప్లేరైట్‌లో ఈ బాధలు చాలావరకు లేవు. బటన్ కనిపించి, కదలకుండా నిలబడి, నొక్కడానికి వీలయ్యేదాకా అదే ఆగి నొక్కుతుంది. కొత్తవాళ్లని ప్లేరైట్ తీసుకోమన్నది ఇందుకే.

6. పేజీ లోపల, పేజీ బయట

ఇవాల్యుయేట్‌లో రాసిన కోడ్ బ్రౌజర్ లోపల నడుస్తుంది, మీ మిగతా స్క్రిప్ట్ నోడ్‌లో నడుస్తుంది. బయట పెట్టుకున్న వేరియబుల్ లోపల కనిపించదు, ఆర్గ్యుమెంట్‌గా పంపాలి. లోపల కన్సోల్ లాగ్ రాస్తే మీ టెర్మినల్‌లో ఏమీ రాదు. పేజీ కన్సోల్ ఈవెంట్‌ని వింటేనే వస్తుంది. ఫాంటమ్‌జేఎస్‌లోనూ ఇంతే కాబట్టి పాతవాళ్లకి ఇబ్బంది లేదు.

7. సైజు, స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, తెలుగు అక్షరాలు

"అదే పేజీ, కొత్తదాంట్లో వేరేగా వస్తోంది" అనేవాళ్లు ముందు కిటికీ సైజు చూడాలి. ఏమీ చెప్పకపోతే ఫాంటమ్‌జేఎస్‌ది 400కి 300, పపెటీర్‌ది 800కి 600, ప్లేరైట్‌ది 1280కి 720. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ వేరే అమరిక ఉన్న సైట్ అయితే మూడింట్లో మూడు రకాలుగా కనిపించడంలో వింతేమీ లేదు. వ్యూపోర్ట్‌ని, అంటే ఆ కిటికీ సైజుని, మీరే స్పష్టంగా ఇవ్వండి.

ఫాంటమ్‌జేఎస్ రెండర్ మొత్తం పేజీని తీసేది. కొత్తవి తెర మీద పట్టినంతే తీస్తాయి. మొత్తం కావాలంటే ఫుల్ పేజ్ ఆప్షన్‌ని ట్రూ చేయాలి. కిందికి వెళ్తే తప్ప లోడ్ కాని బొమ్మలుంటే, స్క్రీన్‌షాట్‌కి ముందు పేజీని అడుగుదాకా స్క్రోల్ చేయించండి.

పీడీఎఫ్‌లో మూడు విషయాలు. ఫార్మాట్ చెప్పకపోతే అమెరికా లెటర్ సైజు వస్తుంది, ఏ4 అని రాయండి. వెనక రంగులు రావాలంటే ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్ ట్రూ చేయండి. పేజీలో ప్రింట్ కోసం వేరే స్టైల్ ఉంటే పీడీఎఫ్ దాన్నే తీసుకుంటుంది. తెర మీద ఉన్నట్టే కావాలంటే మీడియా టైప్‌ని స్క్రీన్‌కి మార్చాలి.

ఇప్పుడు తెలుగు. కొత్త సర్వర్లో, ముఖ్యంగా డాకర్ ఇమేజ్‌లో, తెలుగు ఫాంట్ ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లో ముత్యాల్లా వచ్చిన రసీదు సర్వర్ మీద వరుసగా ఖాళీ డబ్బాలతో వస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్ నోటో కోర్ ప్యాకేజీ పెడితే నోటో సాన్స్ తెలుగు వస్తుంది. తర్వాత ఎఫ్‌సీ లిస్ట్ కమాండ్‌కి తెలుగు భాష కోడ్ ఇచ్చి చూడండి. ఒక్క పేరైనా కనిపించాలి, ఏమీ రాకపోతే ఫాంట్ పడలేదు.

డబ్బాలు పోయినంత మాత్రాన పనైపోయినట్టు కాదు. ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో చూడాలి. పరీక్షకి ఈ లైన్ పెట్టుకోండి: "శ్రీలక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, విజ్ఞానం, కర్తవ్యం, ₹1,25,000". ఇందులో మూడంతస్తుల సంయుక్తాక్షరాలూ ఉన్నాయి, రూపాయి గుర్తూ ఉంది. "రాష్ట్రం"లో ట ఒత్తు, ర ఒత్తు విడిపోయి పక్కపక్కన పడితే, పేజీ స్టైల్‌లో ఇచ్చిన ఫాంట్ తెలుగుకి పనికిరానిది. స్టైల్‌లోనే నోటో సాన్స్ తెలుగు పేరు రాయండి. రూపాయి గుర్తు ఒక్కటే డబ్బాగా వస్తే, సర్వర్ మీదున్న ఫాంట్లలో ఆ గుర్తు లేదన్నమాట.

వెబ్ ఫాంట్ వాడుతుంటే పీడీఎఫ్ చేసేముందు డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అయ్యేదాకా ఆగండి. పీడీఎఫ్ వచ్చాక పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్‌తో, ఫైల్‌లో ఏ ఫాంట్లు ఇమిడాయో చూడొచ్చు. ఇంకో మాట: కంటికి బాగున్న పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు తారుమారు కావచ్చు. ఆ టెక్స్ట్‌ని వేరేచోట వాడేది ఉంటే దాన్ని పీడీఎఫ్ నుంచి తీయకండి, పేజీలోంచే తీసుకోండి.

8. టైమ్, కామాలు

కంటైనర్లు సాధారణంగా యూటీసీ సమయంలో నడుస్తాయి. మన టైముకి ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 2 గంటలకి నడిచే క్రాన్ జాబ్ (చెప్పిన టైముకి దానంతటదే నడిచే పని) బిల్లు మీద నిన్నటి తేదీ వేస్తే ఆశ్చర్యపోకండి. పపెటీర్‌లో ఎమ్యులేట్ టైమ్‌జోన్‌కి, ప్లేరైట్‌లో టైమ్‌జోన్ ఐడీకి ఏషియా కోల్‌కతా ఇవ్వండి.

అంకెలదీ ఇదే కథ. పేజీ కోడ్ భాషని చెప్పకుండా టు లొకేల్ స్ట్రింగ్ వాడితే లక్ష రూపాయలు 1,00,000 బదులు 100,000 అని వస్తుంది. ప్లేరైట్‌లో లొకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్‌ని) ఇండియా ఇంగ్లీష్‌కి పెట్టొచ్చు. పేజీ మీదే అయితే దాని కోడ్‌లోనే లొకేల్ రాసేయడం ఇంకా మేలు, అప్పుడు ఏ సర్వర్‌లో నడిపినా ఒకేలా ఉంటుంది.

9. సర్వర్ మీద పెట్టండి

రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడిపితే క్రోమ్ లేవనంటుంది. ఎక్కడ వెతికినా నో శాండ్‌బాక్స్ (క్రోమ్ రక్షణ కంచెని తీసేసే ఆప్షన్) పెట్టమనే సలహానే దొరుకుతుంది. మీ సొంత పేజీలు మాత్రమే తెరిచే స్క్రిప్ట్‌కి సరే. బయటివాళ్లు ఇచ్చిన అడ్రస్‌నో హెచ్‌టీఎంఎల్‌నో తెరిచే సర్వీస్ అయితే అస్సలు వద్దు, వేరే యూజర్‌ని సృష్టించి దాని కింద నడపండి. అలాంటి సర్వీస్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అవతలివాళ్లు మీ లోపలి నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చి, అక్కడున్నదాన్ని పీడీఎఫ్‌గా పట్టుకుపోవచ్చు. ఏ అడ్రస్‌లు తెరవాలో ముందే జాబితా పెట్టుకోండి.

డాకర్‌లో పెద్ద పేజీల దగ్గర ట్యాబ్ హఠాత్తుగా క్రాష్ అవుతుంటే, షేర్డ్ మెమరీ డిఫాల్ట్‌గా 64 ఎంబీనే ఉండటం కారణం. కంటైనర్‌కి షేర్డ్ మెమరీ పెంచండి. కుదరకపోతే డిసేబుల్ డెవ్ ఎస్‌హెచ్‌ఎం యూసేజ్ అనే ఆప్షన్ ఇవ్వండి. డాకర్ రన్‌కి ఇనిట్ ఆప్షన్ కూడా చేర్చండి, చచ్చిన ప్రాసెస్‌లు పేరుకుపోవు.

చేత్తో నడిపితే నడుస్తూ, క్రాన్‌లో నడవకపోతే దాదాపు ఎప్పుడూ పాత్, హోమ్ వేరియబుల్సే కారణం. పపెటీర్ తన బ్రౌజర్‌ని హోమ్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. క్రాన్ వేరే యూజర్‌తో నడిస్తే ఆ ఫోల్డర్ దానికి దొరకదు.

10. పక్కపక్కన పెట్టి సరిచూడండి

పాతది ఇంకా ఎక్కడో కొన ఊపిరితో నడుస్తుంటే, రెండింటినీ కొన్నాళ్లు కలిపి నడపండి. నడవకపోతే ముందే దాచుకున్న ఫైళ్లతో పోల్చండి. చూడాల్సినవి: పీడీఎఫ్‌లో పేజీల సంఖ్య, పట్టికలో వరుసల సంఖ్య, చివరి మొత్తం, తేదీ. పిక్సెల్ పిక్సెల్‌కీ పోల్చే టూల్స్ ఉన్నాయి గానీ ఇక్కడ పనికిరావు. రెండు ఇంజిన్లూ ఒకే అక్షరాన్ని కొంచెం తేడాగా గీస్తాయి, పేజీ అంతా ఎర్రగా చూపించి టెన్షన్ పెడుతుంది.

తర్వాత కావాలనే చెడగొట్టి చూడండి. అడ్రస్ తప్పు ఇవ్వండి, పాస్‌వర్డ్ తప్పు ఇవ్వండి, సర్వర్‌లో నెట్ తీసేయండి. మూడుసార్లూ స్క్రిప్ట్ సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ఆగాలి, ఆ తర్వాత ప్రాసెస్‌ల జాబితాలో క్రోమ్ పేరు కనిపించకూడదు. ఎర్రర్ వచ్చినప్పుడు ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచేలా రాసుకుంటే, అర్ధరాత్రి ఏం జరిగిందో పొద్దున్నే బొమ్మలో చూసుకోవచ్చు. ప్లేరైట్‌లో ట్రేస్ రికార్డ్ చేసే సౌకర్యం ఉంది, ప్రతి క్లిక్ ముందూ వెనకా పేజీ ఎలా ఉందో చూపిస్తుంది.

11. పాతదాన్ని తీసేయండి

ప్యాకేజీ ఫైల్‌లోంచి ఫాంటమ్‌జేఎస్ ప్రీబిల్ట్ తీసేస్తే సరిపోదు, వేరే ప్యాకేజీ దాన్ని మళ్లీ లాక్కురావచ్చు. ఎన్‌పీఎం ఎల్ఎస్ కమాండ్‌కి ఆ పేరిచ్చి చూస్తే ఎవరు తెస్తున్నారో చెప్తుంది. కర్మ (జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే టూల్) టెస్టులకి పెట్టుకున్న ఫాంటమ్‌జేఎస్ లాంచర్ తరచుగా దొరికే దొంగ, దాని బదులు క్రోమ్ లాంచర్ పెట్టండి. డాకర్ ఫైల్, సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే వ్యవస్థ) సెట్టింగ్‌లు, క్రాన్ జాబితాల్లోనూ ఆ పేరు వెతకండి. మొదట్లో తాత్కాలికంగా పెట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాన్ఫ్ వేరియబుల్ ఉంటే అదీ తీసేయండి. దాన్ని వదిలేస్తే అదే సర్వర్‌లోని మిగతా ప్రోగ్రాములు కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగులు లేకుండానే నడుస్తుంటాయి.